తనకన్నా తానే బరువు

మా తూనికల ఆఫీసులో ఒక నమూనా తూకపురాయి ఉంది. ఊళ్ళో దుకాణాల రాళ్ళన్నీ దానితోనే సరిచూస్తాం. కొత్తగా ఊడిపడ్డ ఆఫీసరు, "మరి దీన్ని దేనితో సరిచూశారయ్యా?" అన్నాడు.

"దానికదే ప్రమాణం సార్."

"అయితే దాంతోనే తూచు."

"ఉన్నదొక్కటే. రెండో పళ్ళెంలో ఏం పెట్టను సార్?"

"ఆ మాత్రం తెలీదూ? ముందు ఒక పళ్ళెంలో పెట్టు, తర్వాత రెండోదాంట్లో పెట్టు."

ఆ బుర్రకో దణ్ణం పెట్టి అలాగే చేశాను. రెండుసార్లూ రాయి ఉన్న పళ్ళెమే కిందికి దిగింది. "ఈ రాయి తనకన్నా తానే బరువు" అని మహానుభావుడు రిపోర్టు రాసి, నాచేత ఆకురాయితో దాన్ని అరగదీయించాడు.

మర్నాడు దుకాణాల రాళ్ళన్నీ బరువెక్కువని తేలాయి.

"చూశావా, నేను రాకపోతే ఊరంతా తప్పుగానే బతికేసేది!" అన్నాడు.