వీరేష్ చానెల్‌లో చేతులు

వీరేష్ చానెల్ చూసేవాళ్లకు అతని గొంతు తెలుసు, చేతులు తెలుసు. ముఖం తెలియదు. గొంతు అతనిదే. చేతులు నావి.

వీరేష్ నా తమ్ముడు. పందొమ్మిదేళ్లు. కండరాలు కరిగిపోయే జబ్బు చిన్నప్పుడే పట్టుకుంది. మా ఊరు కుశనూర్ బడిలో గోడ పట్టుకుని నడిచేవాడు. ఆ తర్వాత చక్రాల కుర్చీ వచ్చింది. అతని వైద్యం కోసమే ఊరు వదిలి బీదర్ చేరాం. బాపు ఇక్కడ మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో పనికి కుదిరాడు. కాళ్ల తర్వాత భుజాలు పోతాయి, భుజాల తర్వాత మోచేతులు పోతాయి అని డాక్టరు ముందే చెప్పాడు. అన్నీ ఆయన చెప్పిన వరుసలోనే జరిగాయి.

చేతులు ఆడుతున్న రోజుల్లోనే చానెల్ పెట్టాడు. గేముల్లోని, కార్టూన్ సినిమాల్లోని బొమ్మలను చేతిలోకి తీసుకుని పరీక్ష చేసేవాడు. మెడ ఎంత తిరుగుతుంది, ఒంటికాలిమీద నిలబడుతుందా, రంగు వేళ్లకు అంటుతుందా, ముఖం సినిమాలో ఉన్నట్టే ఉందా. బొమ్మను మెచ్చుకోవడానికి తొందరపడేవాడు కాదు. తిట్టడానికి అసలే తొందరపడేవాడు కాదు.

ఒకరోజు బొమ్మను బల్లమీదనుంచి లేపలేకపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు వీడియోల మాటే ఎత్తలేదు. నేను బియ్యం ఏరుతుంటే హఠాత్తుగా అన్నాడు, "అక్కా, నీ చేతులు ఇస్తవా?"

నేను గాజులు తీశాను. గోళ్లు కత్తిరించుకున్నాను. అతని ఫుల్ చేతుల చొక్కా తొడుక్కున్నాను. బాపు రాగి తీగ మెలేసి ఫోనుకు స్టాండ్ చేసి బల్లపైన వేలాడదీశాడు. తెరమీద బల్ల, బొమ్మ, మణికట్ల దాకా రెండు చేతులు. అంతే కనిపించేవి. అతను పక్కన కూర్చుని మాట్లాడేవాడు, నేను తిప్పేదాన్ని. మొదట్లో "ఎడమకు, ఎడమకు" అని సైగ చేయాల్సి వచ్చేది. పోను పోను అతను ఊపిరి పీల్చే తీరును బట్టి ఎప్పుడు తిప్పాలో నాకు తెలిసిపోయేది.

'అన్నా, నీ చేతులు మస్తు నిమ్మళం' అని ఎవరో కామెంట్ పెడితే నావైపు తిరిగి నవ్వేవాడు. "నిన్నే అంటుండ్రు. థ్యాంక్స్ చెప్పరాదు?"

నిజం చెప్పేయమని నేనొకసారి అన్నాను.

"చెప్తే ఏమంటరో ఎరికేనా? పాపం అంటరు. బడిల అన్నరు, దవాఖానల అన్నరు, సుట్టాలిండ్లల్ల అన్నరు. గీ ఒక్క జాగల అంటలేరు. గీడ నన్ను 'అన్నా, గా బొమ్మ కొనాల్నా వద్దా' అని అడుగుతరు. నాకు గదే కావాలె."

మళ్లీ నేను ఆ మాట ఎత్తలేదు.

చలికాలం వెళ్లేసరికి నాకు హుమ్నాబాద్ సంబంధం కుదిరింది. అబ్బాయికి హైవేమీద టైర్ల దుకాణం ఉంది. మంచివాళ్లు. పెళ్లి తర్వాత చానెల్ సంగతి ఏమిటని ఇంట్లో ఎవరూ అనలేదు. వీరేష్ మాత్రం ఒకసారి, "హుమ్నాబాద్ ఎంత దూరమే, గంటల వస్తవ్" అన్నాడు. నేను అవునన్నాను. అలా రాలేనని ఇద్దరికీ తెలుసు.

అదే సమయంలో 'ఉల్కాపురం' సినిమా వస్తోందని తెలిసింది. అది అతను బడి రోజులనుంచి ఆడుతున్న గేము. ఆకాశంనుంచి రాళ్లు పడుతుంటే వాటిమీదినుంచి దూకుతూ పైకి ఎక్కే పిల్ల పేరు చిటిక. గేములో ఆమె నాలుగు చదరాల బొమ్మ. ముఖమే లేదు. సినిమాలో ముఖం గీశారు. సినిమా విడుదలకు ముందే ఆ బొమ్మలు పంపుతామని హైదరాబాద్‌లో ఒక బొమ్మల దుకాణంవాళ్లు అన్నారు. తెలుగులో అందరికంటే ముందు వీరేష్ చెప్పాలట. ఆ రోజు అన్నం తినిపిస్తుంటే మాటమాటకూ ముద్ద ఆపేశాడు.

నా గాజుల పండుగకు ముందే పార్సిల్ రావాలి. అకాల వానలకు ఎక్కడో ఆగిపోయింది.

మా వైపు పెళ్లికూతురికి పచ్చగాజులు ఎక్కించిన తర్వాత పెళ్లి గడిచేదాకా తీయకూడదు. జారిపోకుండా ఉండాలని చిన్న సైజువే ఎక్కిస్తారు. పగలగొడితే తప్ప రావు. పెళ్లికి ముందు చేతులు బోసిగా ఉంటే పెళ్లికొడుకుకు కీడు అంటారు. గాజుల హన్మమ్మ గంప దించి నా చేతికి సబ్బు రాసింది.

"చెయ్యి ఇడువు బిడ్డా, ఎముకలు లేనట్టు ఇడువు."

"హన్మమ్మత్తా, నా చెయ్యి వట్టు. నాది గట్లనే ఉంటది" అన్నాడు వీరేష్ కుర్చీలోంచి.

అందరూ నవ్వారు. అమ్మ మాత్రం గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే పార్సిల్ వచ్చింది.

డబ్బా తెరిచి అతని ముందు పెట్టాను. చిటిక, ఆమె శత్రువు ఇనుపరాయుడు. చిటిక పక్కన చిన్న ప్లాస్టిక్ అరల్లో విడి చేతులు ఉన్నాయి. పిడికిలి కట్టినవి ఒక జత, వేళ్లు చాపినవి ఒక జత. బొమ్మకున్నవి తీసి ఇవి తగిలించుకోవచ్చు.

"చూసినవా, దానికి మూడు జతలున్నయి" అన్నాడు. "మనిద్దరికి కలిపి ఒక్కటే."

అని నా మణికట్లు చూశాడు. మోచేతి దగ్గరిదాకా పచ్చగా ఉన్నాయి. చొక్కా చేయి వాటిమీదినుంచి దిగదు.

తానే బొమ్మను పట్టుకుంటానని అమ్మ బల్లముందు కూర్చుంది. చిటికను పసిపిల్లలా ఎత్తుకుంది. "అయ్యో, గీ పోరికి లాగు ఏసిండ్రు గాని కాళ్లకు చెప్పులు లేవేందిరా?"

"అమ్మా, జోకొట్టకే. మోకాలు వంచు."

"వంచితే నొయ్యదా?"

బాపు పనినుంచి వచ్చి తాను చూస్తానన్నాడు. మోటారు నట్టు తిప్పినట్టు తిప్పాడు. ఇనుపరాయుడి కాలు ఊడి మంచంకింద పడింది.

"ఇగ అయింది. సినిమా కంటె ముందుగాలనే విలన్‌ను సంపినవ్ బాపూ" అన్నాడు వీరేష్. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. కాలు మళ్లీ ఎక్కింది. కానీ దుకాణంవాళ్లకు ఇచ్చిన మాట ప్రకారం మర్నాడే వీడియో పెట్టాలి.

నేను పెరట్లోకి వెళ్లాను. బట్టలుతికే బండమీద చేయి ఆనించి, చిన్న రాయి ఒకటి తీసుకున్నాను. అమ్మ ఎప్పుడు వెనక వచ్చిందో తెలియదు, నా మణికట్టు పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఎన్నొద్దులు వానికి చేతులై ఉంటవ్ బిడ్డా?" అంది. ఆమె పట్టు నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది. "రేపు నీకొక ఇల్లుంటది. గప్పుడు నేనేం జెయ్యాలె?"

లోపలినుంచి వీరేష్ గొంతు వచ్చింది. "అమ్మా, అక్కను లోపలికి తోలు. గాజులతోనే వీడియో తీద్దాం."

"అందరికి ఎరుకైతది కదరా" అన్నాను గుమ్మంలోంచి.

"పెండ్లయినంకనన్నా ఎరుకైతది. రా."

మర్నాడు పొద్దున వెలుతురు బాగున్నప్పుడు కూర్చున్నాం. నేను చొక్కా తొడుక్కోలేదు. ఫోను ఆన్ చేయగానే ఎప్పటిలాగే గొంతు సవరించుకున్నాడు.

"నమస్తే. గిన్ని దినాలు మీరు చూసిన చేతులు నావి కావు, మా అక్కవి. నా చేతులు లేస్తలేవు. అక్క పెండ్లిపిల్ల, గందుకే గాజులు. జర సప్పుడైతది, ఏమనుకోకుర్రి. ఇగ బొమ్మ సంగతికొద్దాం."

అంతే. తన గురించి ఇంకొక్క మాట చెప్పలేదు.

ఆ తర్వాత చెప్పినంత బాగా అతను ఎప్పుడూ చెప్పలేదు. చిటిక భుజం బిగుసుకుని ఉంది, గోరువెచ్చని నీళ్లలో కాసేపు ముంచి తిప్పండి, బలవంతం చేస్తే విరుగుతుంది అన్నాడు. ముఖం చక్కగా ఉంది గానీ గేములో ముఖం లేనప్పుడే ఆమె ఎవరికి వారికి ఒకలా కనిపించేదని, ఆ సంగతి ఆలోచించమని అన్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా మడమ. మడమ కీలు వదులుగా ఉంది. దూకే బొమ్మ దూకినట్టు నిలబడలేదు. నేను మళ్లీ మళ్లీ నిలబెట్టాను. మళ్లీ మళ్లీ పక్కకు వాలింది. అతను తొందరపెట్టలేదు. "చూసిండ్రు గదా. మడమ మార్చేదాంక ఆగుర్రి. ఇనుపరాయుణ్ని మాత్రం కొనుర్రి, మా బాపు కాలు పీకినా బతికిండు."

సాయంత్రానికి ఆ వీడియోను చూసినంతమంది అంతకుముందు ఏ వీడియోనూ చూడలేదు. అతనికి వేళ్లతో తెర జరపడం కష్టం. కామెంట్లు నేనే చదివి వినిపించాను.

'పాపం తమ్ముడూ, కండ్లల్ల నీళ్లు తిరిగినయి.' 'ఇలాంటి అక్క అందరికీ ఉండాలి.' 'దేవుడు నిన్ను చల్లగా చూడాలె.' దండం పెట్టే చేతుల గుర్తులు వరసగా వచ్చాయి. కొన్నింటిని నేను చదవకుండా జరిపాను.

"దాటకు" అన్నాడు. "అన్నీ చదువు."

చదివాను. చదువుతూ కిందికి వెళ్తున్నాను.

"మడమ గురించి ఎవలన్న అడిగిండ్రా?"

"ఇంక చూస్తున్న."

"భుజం?"

"లే."

"కొనాల్నా వద్దా అని?"

నేను చివరిదాకా వెళ్లి చూశాను. ఎప్పుడూ అతనితో వాదించే గుల్బర్గా అబ్బాయి ఒకడున్నాడు, ప్రతి బొమ్మకూ గొడవ పెట్టుకునేవాడు. అతను కూడా ఈసారి 'సారీ అన్నా, ఇన్నాళ్లు తెలియక మాట్లాడిన' అని రాశాడు. అది చదివినప్పుడు వీరేష్ కళ్లు మూసుకున్నాడు.

రెండు రోజులకు బొమ్మల దుకాణం ఆయన ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను. మంచి మనిషే, సంతోషంగా ఉన్నాడు.

"తమ్ముడూ, మా ఆవిడ సుత ఏడ్చింది. వచ్చేసారి నీ ముఖం కూడా చూపెట్టు. జనానికి మంచిగ తాకుతది."

"సార్, మడమ వదులున్న సంగతి కంపెనీకి చెప్తరా?"

"ఏ మడమ?"

వీరేష్ నావైపు చూశాడు. నేను ఫోను తీసుకుని, పెళ్లి పనుల్లో ఉన్నాం తర్వాత మాట్లాడతామని చెప్పి పెట్టేశాను.

పెళ్లి హుమ్నాబాద్‌లో, వాళ్ల ఇంటి దగ్గరి హాలులో. మండపంలో కూర్చుంటే ముందు వరుస చివర వీరేష్ కుర్చీ కనిపిస్తోంది. వచ్చినవాళ్లలో సగంమంది ఆ వీడియో చూసినవాళ్లే. నన్ను చూసి, వెంటనే అతని దగ్గరికి వెళ్తున్నారు. తోడుగా ఉంటుందని అమ్మ సంచిలో చిటికను తెచ్చింది. కమలనగర్ రాచయ్య మామ సంచిలోంచి బొమ్మను తీసి, ఫోటో కోసం వీరేష్ చేతుల్లో పెట్టాడు. అది ఒళ్లోకి జారి, అక్కడినుంచి కిందపడింది. ఎవరో తీసి మళ్లీ పెట్టారు. మళ్లీ పడింది. ఈసారి ఒకామె అతని వేళ్లను ఒక్కొక్కటిగా వంచి బొమ్మచుట్టూ మూసి, పైన తన చేయి ఉంచి పట్టుకుంది. ఫోటోలు తీశారు. వీరేష్ ఏదో అన్నాడు. మేళం చప్పుడులో నాకు వినిపించలేదు. అతని దగ్గరున్నవాళ్లు కూడా విన్నట్టు లేరు. ఒక ముసలమ్మ కొంగుతో అతని చెంప తుడిచింది. అతను ఏడవడం లేదు.

నేను లేవబోయాను. అమ్మ వెనకనుంచి భుజంమీద చేయి వేసి కూర్చోబెట్టింది.

"ఇటు చూడు బిడ్డా" అంది. "ముహూర్తమైతాంది."

తల తిప్పాను. బియ్యం పడుతున్నాయి. మళ్లీ చూసేసరికి కుర్చీచుట్టూ మనుషుల వీపులే కనిపించాయి.