అంచుకి అడ్డంగా

ఆ ఎర్రరాతి మీద మొదటిసారి నిలబడ్డవాళ్ళెవరైనా కాసేపు నోరెత్తరు. మా ఆయన థేన్ ఒక్కడే వేరు. పెళ్ళైన కొత్తలో మేం మొదటిసారి ఈ మోయబ్ ఎడారికి వచ్చినప్పుడు, సైకిల్ పక్కన పడేసి, చేతులు రెండూ చాచి పొలికేక పెట్టాడు. ఆ కేక లోయలోకి దిగి, అవతలి గోడకి తగిలి, తీరిగ్గా తిరిగొచ్చింది. పక్కన నీళ్ళు తాగుతున్న నలుగురూ మమ్మల్నే చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా అప్పటినుంచీ ఏటా అక్టోబరులో వారం రోజులు మాకు అదే సెలవు. ప్రైస్‌లో మా ఇంటి దగ్గర బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికల్లా చేరిపోతాం. ట్రక్కు వెనక రెండు సైకిళ్ళు, గుడారం, చిక్కుడుగింజలు వండుకోడానికి ఇనపగిన్నె, దారిలో గ్రీన్ రివర్ ఊళ్ళో కొన్న పుచ్చకాయలు. ఇంకేం కావాలి?

రాయి అంటున్నాను గానీ, అది ఒకప్పటి ఇసుక తిన్నెలే. గాలి ఎలా ఊదిందో అలాగే గట్టిపడిపోయాయి. ఎటు తిరిగినా ఎర్రటి గుట్టలు, పళ్ళాలు, మళ్ళీ గుట్టలు, ఆకాశం అడ్డొచ్చేదాకా. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. పొద్దున ఉన్న రంగు మధ్యాహ్నం ఉండదు. సాయంత్రమైతే రాతి లోపల ఎవరో పొయ్యి రాజేసినట్టు ఉంటుంది. ఇన్నేళ్ళుగా వస్తున్నా, ట్రక్కు దిగి తలెత్తగానే, ఇంత పెద్దదాని ముందు మనం చేసే హడావిడంతా ఏపాటిది అనిపిస్తుంది. ఆ రాతి మీద దారంటూ ఏమీ ఉండదు. తెల్లరంగుతో చిన్నచిన్న గీతలు గీసి ఉంటాయి. ఒక గీత నుంచి ఇంకో గీతకి సైకిల్ తొక్కుకుంటూ పోవడమే.

రాయి లేనిచోట నల్లమన్ను ఉంటుంది. పొక్కులు పొక్కులుగా, పెళుసుగా. కంటికి ఆనని నాచులాంటిది అల్లుకుని పెరిగే, ప్రాణమున్న మన్ను అది. ఒక్కసారి తొక్కితే ఆ మచ్చ మానడానికి మనిషి ఆయుష్షు చాలదు. రాతి మీద నడు, వాగు ఇసకలో నడు, నల్లమన్ను జోలికి మాత్రం పోకు అని మా దగ్గర నడక నేర్చినప్పుడే చెబుతారు. ఈ విషయంలో థేన్‌ది వట్టి మూర్ఖపు పట్టు. ఎవరైనా దాని మీద కాలు పెడితే చాలు, "ఏమయ్యా, మీ ఇంట్లో అన్నం తినే బల్ల మీద కూడా ఇలాగే బూట్లేసుకుని తిరుగుతావా?" అని అరుస్తాడు. ఒకసారి ఫొటో కోసం అందులో నిలబడ్డ పెళ్ళికూతుర్ని కూడా వదల్లేదు. ఆ పిల్ల పొడుగు గౌను ఎత్తిపట్టుకుని, తన అడుగుల్లోనే అడుగులేస్తూ బయటికొచ్చేదాకా అక్కడే కాపలా కాశాడు.

ఈ ఏడు మాత్రం తన తీరే మారిపోయింది. ఎప్పుడూ ముందు పోయేది తనే. గుట్టెక్కి నిలబడి, "రెనే, నత్తలు నిన్ను దాటేసి వచ్చేశాయ్!" అని ఎగతాళి చేసే మనిషి, మొదటి రోజే నన్ను ముందు పొమ్మన్నాడు.

"ఏంటీ ఇంత మర్యాద? ఎండదెబ్బ తగిలిందా?" అన్నాను.

"ఇన్నేళ్ళు ముందుపోయి ఏం చూశా, రాళ్ళేగా. ఇప్పుడు నీ వెనకాలొచ్చి నిన్ను చూస్తా."

"అరవై దగ్గరపడ్డాక కనపడ్డానన్నమాట!"

నాకోసం కొత్త చొక్కా కూడా తెచ్చాడు. కళ్ళు పోయేంత పసుపు. "ఇదేసుకుంటే రోడ్డు బాగుచేసేవాళ్ళు నన్ను పనిలోకి లాక్కుపోతారు" అన్నాను. "వేసుకో బంగారం, నా కోసం" అన్నాడు. వేసుకున్నాను. వెర్రిదాన్ని, మురిసిపోయాను కూడా.

ఎందుకంటే ఆ ఏడాదంతా నేను లోలోపల కుమిలిపోతూనే ఉన్నాను. థేన్ నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూడడం మానేశాడు. నా చెవి పక్కనుంచి ఎటో చూస్తూ జవాబు చెప్పేవాడు. నేను మొహం మొత్తానేమో అనుకున్నాను. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. వసంతంలో ట్రక్కు తాళాలు నా చేతికిచ్చి, "నడుం పట్టేసింది, ఇకనించి నువ్వే నడుపు" అన్నాడు. అదీ నమ్మాను.

మూడో రోజు మధ్యాహ్నం ఎక్కువమంది రాని దారి పట్టాం. ఎదురుగా ఒక జంట దిగుతూ వచ్చి, "మా వెనక ఇంకో ఇద్దరున్నారు!" అని చెప్పి పోయారు. ఇరుకు దారిలో అలా చెప్పడం మా అలవాటు. "మా వెనక దేవుడొక్కడే!" అని థేన్ ఎప్పటిలాగే అరిచాడు. ఆ వెనకొచ్చే ఇద్దరు కూడా దాటిపోయాక, ఒక ఇసుక పల్లంలో నా సైకిల్ చైను ఊడింది.

"నువ్వు పోతూ ఉండు. ఆ పైన రాతి మీద ఆగు, వచ్చేస్తా" అన్నాను.

"నేనూ ఉంటాలే."

"ఎందుకూ, నా నెత్తి మీద నిలబడి సలహాలు చెప్పడానికా? ఒక్కడివే పోలేవా ఏంటి, చంటిపిల్లాడిలా?"

థేన్ నవ్వి, సైకిలెక్కి పోయాడు.

చైను ఎక్కించి, చేతులు ఇసకతో రుద్దుకుని నేను పైకి ఎక్కాను. రాతి మీద థేన్ లేడు. తెల్లగీతలు ఎడమకి తిరిగాయి. వాటిని వదిలేసి, తిన్నగా ఎదురుగా ఉన్న నల్లమన్నులోకి పోయింది ఒక సైకిల్ జాడ. అప్పుడే పడింది, అంచుల్లో మన్ను ఇంకా రాలుతోంది. ఎవడో వెధవ, ఎక్కణ్ణించొస్తారో ఇలాంటివాళ్ళు అని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఆ జాడలో టైరు గుర్తు చూశాను. అది పుట్టినరోజుకి నేను కొనిచ్చిన టైరు.

థేన్ నల్లమన్ను మీదకి పోడు. తాగినా పోడు, నిద్రలో నడిచినా పోడు. పోయాడంటే అది నల్లమన్ను అని తనకి తెలియలేదు. అంతే. తాళాలు, నా చెవి పక్క చూపు, ఈ పసుపు చొక్కా, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

సైకిల్ అక్కడే వదిలేసి ఆ జాడ వెంట పరిగెత్తాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. మొగుడు ఏమయ్యాడో తెలీదు, అయినా నా కాళ్ళు ఆ టైరు గాడిలోనే ఒకదాని ముందు ఒకటి పడుతున్నాయి, పక్కన కొత్తమన్ను విరగకుండా. నేనూ ఇక్కడిదాన్నే మరి. మన్ను అయిపోయి మళ్ళీ రాయి వచ్చింది. బల్లపరుపుగా, నాలుగు పొలాలంత వెడల్పున. దానికి అవతల ఏమీ లేదు. నేల ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. ఎక్కడో అడుగున దారప్పోగులా నది.

ఆ అంచులో సైకిల్ పడి ఉంది. ముందు చక్రానికీ శూన్యానికీ మధ్య జానెడు రాయి. పక్కనే థేన్ చతికిలబడి కూచున్నాడు.

గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడతాడేమోనని మెల్లిగా పిలిచాను.

"ఆఁ, ఇక్కడే ఉన్నా" అన్నాడు. "దగ్గరికి రాకు రెనే, అంచుంది. జాగ్రత్త."

నాకు చెబుతున్నాడు జాగ్రత్త! పాక్కుంటూ పోయి, చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి ఈడ్చి, హెల్మెట్ మీద ఒక్కటిచ్చాను. ఆ తరవాత వాటేసుకుని ఏడ్చాను.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"నాటకాలాడకు. ఎప్పట్నుంచి కనపడట్లేదు?"

థేన్ హెల్మెట్ సరిచేసుకున్నాడు. "పోయిన చలికాలం నించి. కంటి మధ్యలో ఒక మరక. ఎటు చూస్తే అటే వస్తుంది. పక్కలు బానే కనపడతాయి. నీ మొహం చూడాలంటే నీ చెవి పక్కకి చూడాలి, ఓరగా దొరుకుతావు."

నా మొహం చూడ్డానికే అన్నిరోజులూ పక్కకి చూశాడు. నేను ఇంకేదో అనుకున్నాను.

"డాక్టరేమన్నాడు?"

"తగ్గేది కాదంట. పెరిగేదేనంట."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే ఇక్కడికి తెచ్చేదానివా?"

"తెచ్చేదాన్ని కాదు."

"మరదే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నల్లమన్ను మీంచి వచ్చావు, తెలుసా?" అన్నాను.

లోయ అంచున చలించని మనిషి ఆ మాటకి పాలిపోయాడు. "అయ్యో. ఎంత దూరం?"

"చాలా దూరం."

"జాడ మొదట్లో ఎండుకొమ్మలు అడ్డం వేశావా?"

"మొగుడు ఉన్నాడో పోయాడో చూసుకోడానికి వచ్చాన్రా నాయనా, కొమ్మలేరుకోడానికి కాదు!"

"పోయేటప్పుడు వేద్దాం. లేకపోతే ఇదే దారనుకుని ఇంకోడు నా వెనకే వచ్చేస్తాడు" అన్నాడు. నేను తలూపాను. అలాగే వేశాం కూడా.

"ఎలా ఆగావు?" అని అడిగాను.

"గాలి. చల్లగాలి గడ్డానికి కిందనించి తగిలింది. గాలి ముందునించి వస్తుంది, పక్కనించి వస్తుంది. కిందనించి వచ్చిందంటే కింద నేల లేదన్నమాటేగా. రెండు బ్రేకులూ బిగించేశా. ప్యాంటు తడవలేదు, దేవుడి దయ." అంచు వైపు తిరిగి, "రెనే, ఒక్కసారి కళ్ళు మూసుకో" అన్నాడు.

మూసుకున్నాను. మొదట ఏమీ లేదు. ఆ తరవాత లోయ ఊపిరి తగిలింది. పాతాళంలో పుట్టి, చల్లగా, తడిరాతి వాసనతో గోడ వెంట పాక్కుంటూ వచ్చి నా గడ్డం కింద తగిలింది. అరచేతుల కింద రాయి వెచ్చగా ఉంది. నది చప్పుడు చెవికి అందీ అందనట్టు ఉంది. ఏదో కాకి రెక్కలు కొట్టుకుంటూ పోయింది, ఆ చప్పుడు నా కాళ్ళ కిందనుంచి వినిపించింది. పక్షి మన కింద ఎగరడం! ఎంత లోతో కంటితో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ లోతు నన్ను తాకడం అదే మొదలు. దండం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక థేన్ చెయ్యి పట్టుకున్నాను.

"మరక వచ్చాకే ఇదంతా దొరికింది నాకు" అన్నాడు. "చెప్పాలనే ఉంది. ఎలా చెప్పాలో తెలీలేదు."

పొద్దు వాలుతోంది. లేచి ప్యాంటు దులుపుకున్నాను. "పద, నడిచిపోదాం. సైకిళ్ళు రెండూ నేనే తోస్తా. ఇక నువ్వు సైకిలెక్కేది లేదు."

ఇంత యుద్ధం జరుగుతుందనుకున్నాను. జరగలేదు. థేన్ సైకిల్ లేపి, సీటు మీద ధూళి తుడిచి, "ఎక్కన్లే" అన్నాడు. అంత మెత్తగా తను ఏదీ ఒప్పుకోగా నేను వినలేదు. నా ప్రాణం చివుక్కుమంది.

ఆ బల్లపరుపు రాయి వైపు చూశాను. చెట్టు లేదు, గుంట లేదు, రాయి మీద రాయి లేదు. మూడు పక్కలా మెల్లిగా పైకి లేచిన రాతిగట్లు, నాలుగో పక్క అంచు.

"ఎక్కు" అన్నాను.

"ఏంటీ?"

"ఇక్కడ గుద్దుకోడానికి ఏమీ లేదు. ప్రమాదమల్లా అంచు ఒక్కటే. దానికి అడ్డంగా నేను నిలబడతా. నా వైపు వస్తే కేకేస్తా, తిరుగు."

"పిచ్చెక్కిందా నీకు?"

"ఎక్కుతావా, మనసు మార్చుకోమంటావా?"

ఎక్కాడు. నేను లోయకి వీపు పెట్టి, చేతులు బార్లా చాపి నిలబడ్డాను. మొదటి చుట్టు భయంభయంగా తిరిగాడు. రెండోది వేగంగా. ఆ తరవాత ఇక గీతల్లేవు, దారి లేదు. అవతలి గట్టు మీదకి సగం దాకా ఎక్కి, అక్కడ సైకిల్ వంచి, జారుకుంటూ దిగి, ఆ ఎర్రటి వెలుగులో పెద్దపెద్ద చుట్లు చుట్టాడు. తన నీడ తనకంటే ముందు గట్టెక్కేది. మొహం పక్కకి తిప్పి, ఓరగా నా పసుపు చొక్కా చూసుకుంటూ నా మీదకి దూసుకొచ్చేవాడు. "తిరుగు!" అని అరిచేదాన్ని. పకపకా నవ్వుతూ తిరిగేవాడు. ఇన్నేళ్ళూ వెనకాల వచ్చి తన వీపే చూశాను. సైకిల్ మీద ఉన్నప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు. ఆ రాయి అంతా తనదే, ఆకాశం కూడా. అంత అందమైనది నేను ఆ వారంలో కాదు, ఏ వారంలోనూ చూడలేదు.

నా మడమల వెనకే లోయ ఉంది. దాని చల్లగాలి చొక్కాలోకి దూరి వీపంతా తడుముతోంది. తను వచ్చిన ప్రతిసారీ "తిరుగు!" అన్నాను.

ఉన్నట్టుండి థేన్ నడి రాతి మీద ఆగాడు. దిగాడు. సైకిల్‌ని మెల్లిగా, పాపాయిని పడుకోబెట్టినట్టు పక్కకి వాల్చాడు.

"ఏమైంది?"

"చాలు."

"ఇంకొక్క చుట్టు" అన్నాను. ఎక్కనివ్వనని చెప్పిందీ నేనే, బతిమాలుతోందీ నేనే. "ఇంకా వెలుతురుంది థేన్. ఒక్కటే ఒక్కటి."

"వద్దు రెనే. నేను తొక్కాల్సింది తొక్కేశా." నా గొంతు ఆనవాలుగా నా వైపు నడిచొచ్చాడు. "నేను దగ్గరికొచ్చిన ప్రతిసారీ నీ గొంతు వణుకుతోంది."

"లేదే" అన్నాను. ఆ రెండక్షరాలు కూడా వణికాయి.

థేన్ చెయ్యి చాపి, గాలిలో కాస్త వెతుక్కుని, నా మోచెయ్యి పట్టుకున్నాడు. అంచు నుంచి నన్ను ఒక్కొక్క అడుగే లోపలికి తీసుకొచ్చాడు.