నాలుగింటి మాత్ర

లెక్కల పరీక్ష కాగితాలు దిద్దుతూ దిద్దుతూ విజయకుమారి బల్ల మీదే తల వాల్చేసింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా హెడ్మాస్టరు కొండలరావు. "రాత్రిళ్లు ఇంట్లో పడుకోరేంటండీ టీచరుగారూ?" అన్నాడు, పిల్లలందరూ వినేలా.

పడుకోనిస్తే కదా. తొమ్మిదేళ్ల కూతురు రూతుకి రెండు నెలలుగా రాత్రి రెండు దాటితేగాని నిద్ర పట్టడం లేదు. పిల్ల లేచి ఇల్లంతా తిరుగుతుంటే వెనకాల తిరిగేది తల్లి. భర్త సత్యానందం గోడవైపు తిరిగి గురక పెడతాడు. పిల్లకి ఒకచోట కుదురుగా ఉండనివ్వని ఏడీహెచ్‌డీ ఉందనీ, మాత్ర పొద్దున్న టిఫిను తిన్నాకే వెయ్యాలనీ, మధ్యాహ్నం దాటి వేస్తే నిద్ర చెడుతుందనీ కాకినాడ డాక్టరుగారు మరీమరీ చెప్పారు. విజయకుమారి బడి ఉన్న కాట్రేనికోనకి బస్సు పొద్దున్న ఆరున్నరకే. అందుకని మాత్ర వేసే పని అత్తగారు మార్తమ్మకి అప్పజెప్పింది. తిలాపాపం తలా పిడికెడు అంటారుగానీ, ఆ ఇంట్లో పిడికెళ్లన్నీ విజయకుమారి కొంగులోకే. "తల్లి ఉద్యోగాలెలగబెడితే పిల్లలిలాగే తయారవుతారు" అని అత్తగారు. "ఆ మందు మాన్పించి నువ్వు ఇంటి పట్టున ఉండు. నెలాఖరుకి రాజీనామా ఇచ్చెయ్" అని భర్త. పదకొండేళ్ల సర్వీసు. తప్పు తనదేనేమోనని తనూ నమ్మడం మొదలుపెట్టింది.

ఆ బుధవారం తలనొప్పని ముందే ఇంటికొచ్చేసింది. టైము నాలుగు. మార్తమ్మ పిల్ల నోట్లో మాత్ర వేసి నీళ్లు తాగిస్తోంది.

"ఇప్పుడేంటండీ అత్తయ్యగారూ? పొద్దున్న వెయ్యలేదా?"

"పొద్దున్నేస్తే సాయంత్రానికి మందు దిగిపోద్ది. బళ్లో గంతులేస్తే మాస్టారు చూసుకుంటాడు. ఇంట్లో రోజూ ప్రార్థన, బుధవారం పాస్టరుగారొస్తారు. ఆడపిల్ల కుదురుగా కూర్చోకపోతే నలుగుర్లో పరువేం కాను?"

"రోజూ ఇలాగేనా?"

"మీ ఆయన్నడిగే వేస్తన్నానమ్మా."

తెలుసన్నమాట. తెలిసే రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. విజయకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆరున్నరకి చాపలు పరిచారు. రూతు ప్రార్థనంతసేపూ కదలకుండా కూర్చుంది. "మనవరాల్ని భక్తిలో పెంచేరమ్మగారూ" అని పాస్టరుగారు మార్తమ్మని మెచ్చుకున్నారు.

భోజనాలయ్యాక విజయకుమారి మాత్రల డబ్బా తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. రూతు తలగడ తెచ్చి భర్త మంచం మీద వేసింది.

"ఇదేంటి?" అన్నాడు సత్యానందం.

"రేపట్నుంచి ఆరింటికే లేపి, టిఫిను పెట్టి మాత్ర నేనే వేస్తానండి. రాజీనామా ఇవ్వను. ఇవాళ్టి మాత్ర మాత్రం మీరు చెప్పినట్టే నాలుగింటికి పడింది. రెండింటిదాకా అది పడుకోదు, చూసుకోండి. నాకు నిద్రొస్తోంది."

పక్కగదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది.