విప్పని వరుస

మా అమ్మ లీలమ్మకు రెండు పనులు బాగా వచ్చు. బొంత కుట్టడం, నేను కుట్టింది విప్పడం.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. శాలిబండలో మా ఇంటి గడప పక్కన చాప పరిచి, పాత నూలు చీరల్ని మడతల మీద మడతలు వేసి, ఆ చివర అమ్మ, ఈ చివర నేను కూర్చునేవాళ్లం. స్వరూప చిన్నమ్మకు నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకు మెత్తగా ఉండాలని ఆ బొంత. అందులో ఒక్క వరుసైనా నాది ఉండాలని నా ఆశ. ఉండనిస్తే కదా! నేను కుట్టడం, అమ్మ వేలితో తడిమి చూడటం, దారం సర్రున లాగేయడం.

"ఏందమ్మా, మస్తుగనే ఉంది గదా!"

"ఏడ మస్తుగుంది? పాము పోయినట్టుంది. మల్ల కుట్టు."

ఒకరోజు నాకు ఒళ్లు మండింది. బొంత ఒళ్లోకి లాక్కుని, తల ఎత్తకుండా, పళ్లు బిగించి ఒక్క ఊపున వరుస మొత్తం కుట్టేశాను. దారం కొరికి "ఇగ చూడు!" అని లేచాను.

నాతో పాటు బొంతా లేచింది. కింద ఉన్న నా లంగాను కూడా కలిపి కుట్టేశాను. అదీ బోనాలకని చార్మినార్ దగ్గర కొన్న కొత్త పచ్చ లంగా. ఆగలేక ముందే వేసుకున్నాను.

అమ్మ నవ్వీ నవ్వీ గోడకు ఆనుకుంది. "ఓ పోరీ, నిన్ను గూడ బొంతల కలిపి కుట్టుకున్నవానే!"

నేను ఏడుపు లంకించుకున్నాను. లంగా కోసం కాదు. ఈ వరుసా ఇక విప్పక తప్పదు.

అమ్మ సూది అందుకుని, అలవాటుగా వరుస మీద వేలు పోనిచ్చింది. సగంలో నవ్వు ఆగింది. మొదటికొచ్చి మళ్లీ తడిమింది. వేలు ఎక్కడా వంకర పోలేదు.

"ఇప్పకమ్మా," అన్నాను.

సూది పక్కన పెట్టి కత్తెర తీసింది. గుడ్డపేలిక కూడా పారేయని మా అమ్మ, ఆ కొత్త లంగాను కుట్టు చుట్టూ కత్తిరించేసింది.

"ఫికర్ జెయ్యకు. లంగకు మాసికేస్తా."

పాత చీర ముక్కతో మాసిక వేసింది. బోనాల్లో దాన్నే వేసుకుని తిరిగాను. చూసినవాళ్లు చూశారు, నా సంతోషం నాది. లంగా కత్తిరించిన మర్నాడు నేను కుట్టిన ఇంకో వరుసను మాత్రం అమ్మ మామూలుగానే విప్పేసింది.

చిన్నమ్మకు కొడుకు పుట్టాడు. చింటు కోసం బొంత పరుస్తూ ఆమె దాని అడుగు చూసింది.

"అక్కా, గీ పచ్చ ముక్క ఏంది?"

అమ్మ చింటును ఒళ్లోకి తీసుకుంటూ అంది: "గది మా యశోద పెట్టిన దస్కత్."