గోడలేని ఇళ్ళ జ్వరం

జ్వరాల జాబితాలో ఆ సున్నాను చూసిన క్షణం నుంచీ రెబెక్కమ్మకు ముత్యాలయ్య మీద అనుమానం మొదలైంది. ఆమె వాకాడు దాపుల ఒక తీరగ్రామంలో ప్రభుత్వ నర్సు. అతను మలేరియా శాఖ ఉద్యోగి. పదిహేను రోజులకొకసారి ఇల్లిల్లూ తిరిగి, జ్వరమున్నవాళ్ళ వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తపుచుక్క తీసుకొని మాత్రలివ్వడం అతని పని. ఉప్పుకయ్యల పక్కనున్న దిబ్బ మీది యానాదుల్లో మూడు నెలలుగా ఒక్క జ్వరమూ లేదని అతను రాశాడు. అంతకు ముందురోజే మిట్టమధ్యాహ్నం, ఎనిమిదో నెల గర్భిణి చెంచులక్ష్మి మూడు గోనెసంచులు కప్పుకొని వణకడం రెబెక్కమ్మ కళ్ళారా చూసింది.

అడిగితే అతను తడుముకోలేదు. దోమల మందు కొట్టాలన్నా, తాను వచ్చిన తేదీ వేయాలన్నా గోడ ఉండాలట. యానాదుల గుడిసెల తాటాకు నేలదాకా దిగి ఉంటుంది కనుక వాటికి నంబర్లే ఇవ్వలేదట.

"గోడ లేనిది ఇల్లెట్టయితాదమ్మా? అయినా వాళ్ళ రక్తానికి జొరం అంటదు. అడవిజాతి గదా. పైవాళ్ళే చెప్పినారు."

పైవాళ్ళు ఏం చెబుతారో రెబెక్కమ్మకు తెలుసు. ఆమె చిన్నతనంలో వాళ్ళ మాలపేటకు కలరా అలవాటేనని తేల్చి వదిలేశారు. ఆ ఏడు ఆమె అన్నలిద్దరూ పోయారు.

ఆమె సూది తీసుకొని దిబ్బకు వెళ్ళింది. చెంచులక్ష్మి అత్త మాలకొండమ్మ గుడిసె వాకిట అడ్డంగా నిలబడింది.

"మూణ్ణెల్లుగా జొరాల మనిషి ఇటు దిక్కు చూడలేదు. ఈ పొద్దు మా నెత్తురు కావాల్సొచ్చిందా నర్సమ్మా? యాడ అమ్ముకుంటారు?"

ఆ అనుమానంలో తప్పు లేదనుకుంది రెబెక్కమ్మ. ముందు తన వేలు గుచ్చుకొని చూపించింది. అది చూశాక ముసలామె పక్కకు తప్పుకుంది.

ఇంటి నంబరు లేని పలకను పరీక్షకు తీసుకోరు. చెంచులక్ష్మి రక్తం తీసిన పలక మీద రెబెక్కమ్మ తన ఇంటి నంబరే వేసింది. మలేరియా అని తేలింది, మాత్రలు వచ్చాయి. నాలుగో రోజుకు చెంచులక్ష్మి లేచి గంజి తాగింది. కానుపు దాకా వారం వారం మాత్రలు పడాలి. ఈలోగా దిబ్బ నుంచి మరో ఎనిమిది పలకలు అదే నంబరు మీద వెళ్ళాయి.

నెల తిరక్కుండా ఇన్‌స్పెక్టరు పెంచలయ్య మందు కొట్టేవాళ్ళను వెంటబెట్టుకొని ఆమె ఇంటికి వచ్చాడు. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు. ఒంటరి మనిషి ఇంట్లో ఇన్ని జ్వరాలెక్కడివని ఆరా తీశాడు. మాత్రలు బయట అమ్ముతున్నదేమోనని మూలమూలా వెతికించాడు. దొంగ నంబరని ఒప్పుకుంటే ఆ తొమ్మిది పలకలనూ లెక్కలోంచి కొట్టేసి, అంతటితో వదిలేస్తానన్నాడు.

"చెప్పమ్మా. ఈ ఇంట్లో తొమ్మిదిమంది రోగులుండారా?"

ఒప్పుకుంటే దిబ్బ మళ్ళీ సున్నా అవుతుంది. ఒప్పుకోకపోతే తప్పుడు లెక్క బయటపడి ఏదో ఒకనాడు ఉద్యోగం పోతుంది.

"ఉండారు. రాసుకోండి," అంది రెబెక్కమ్మ.

అతను రాసుకున్నాడు. వెంట వచ్చినవాళ్ళు ఆమె ఇంటి నాలుగు గోడలూ మందుతో తడిపి వెళ్ళారు. చెంచులక్ష్మికి ఆ వారం మాత్రలు ఆగలేదు. దిబ్బ మీద మాత్రం పొద్దువాలగానే దోమలు ఎప్పటిలాగే లేచాయి.