విప్పేసిన కుట్లు

దానికి "అందరి దుప్పటి" అని పేరు పెట్టారు. గ్యాలరీ పెద్ద హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచిన తెల్లగుడ్డ, చుట్టూ సూదులు, రంగుదారాలు, కత్తెరలు. ఎవరైనా రావచ్చు, ఇంటి నుంచి తెచ్చుకున్న పాత గుడ్డముక్కను తమ చేత్తో దానిమీద కుట్టి వెళ్ళవచ్చు. "ఇది నా కళ కాదు, మీ అందరిదీ" అని కళాకారిణి మైకులో చెప్తే జనం చప్పట్లు కొట్టారు. టైలరమ్మ కూడా కొట్టింది.

గ్యాలరీ తెరవకముందు రెండు గంటల పని ఆమెది. ఊడిపోయేలా ఉన్న ముక్కలను గట్టిచేయడానికని పెట్టుకున్నారు. మూడో రోజుకి అసలు పని తెలిసింది. కళాకారిణి సాయంత్రం వెళ్ళేముందు కొన్ని ముక్కల మీద నీలం సుద్దతో గుర్తు పెట్టేది. గుర్తున్న చోట కుట్లన్నీ విప్పేసి, తెల్లదారంతో నీటుగా మళ్ళీ కుట్టాలి. "ఫోటోల్లో గజిబిజిగా పడుతోందమ్మా" అంది. వంకర కుట్టు కనిపిస్తే టైలరమ్మకు ఎప్పుడూ చేయి దురదే. మారు మాట్లాడకుండా విప్పింది. వారం రోజులు విప్పింది.

ఆ వారం చివర అక్కను తీసుకెళ్ళింది. టైలరమ్మకు సూది పట్టడం నేర్పింది ఈ అక్కే. రెండేళ్ళ కిందట పక్షవాతంతో కుడిచేయి పడిపోయింది. అప్పటినుంచి సూది ముట్టలేదు. "వద్దే, నలుగురిలో నవ్వులపాలవుతాను" అంటున్నా వినకుండా లాక్కెళ్ళింది. అక్క తన పాత గౌను జేబు తెచ్చుకుంది. గుడ్డను మోచేత్తో అదిమిపట్టి, ఎడమచేత్తో, మూడు గంటలు కుట్టింది. సూదిలో దారం ఎక్కించడానికి కూడా చెల్లెల్ని ముట్టుకోనివ్వలేదు. నాలుగు వైపులా పూర్తయ్యాక చెమటలు తుడుచుకుంటూ, "పోలేదే! నా పనితనం పోలేదు!" అని నవ్వింది.

మర్నాడు పొద్దున ఆ జేబు మీద నీలం గుర్తు ఉంది.

టైలరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తెర బల్లమీద విసిరికొట్టి, తిన్నగా మేనేజరు గదిలోకి పోయింది. అక్కడ కళాకారిణి ఫోటోలు ఏరుకుంటోంది.

"ఆ జేబు విప్పను మేడమ్."

"ఏ జేబు?"

"మా అక్క కుట్టింది. ఎడమచేత్తో."

"అలాగా! పోనీ, అదొక్కటీ ఉంచేయండి." తల కూడా ఎత్తలేదు.

ఆ 'అదొక్కటీ' టైలరమ్మకు చెంపమీద కొట్టినట్టు తగిలింది.

"మరి నేను విప్పినవన్నీ? అవి కుట్టినవాళ్ళెవరికీ ఇక్కడ చెల్లెళ్ళు లేరనా?"

"చూడండి, వాళ్ళు వచ్చారు, కుట్టారు, సంతోషపడ్డారు. వెనక్కొచ్చి ఎవరు చూస్తారు?"

"చూస్తారు. నేను చూపిస్తాను."

తలుపులు తెరిచి జనం నిండేదాకా ఆగింది. అప్పుడు బల్లెక్కి నిలబడింది.

"మీ ముక్కలు వెతుక్కోండి! నీటుగా ఉన్నాయా? అయితే ఆ కుట్లు మీవి కావు. విప్పమన్నారు, విప్పేశారు!"

బస్సు నడిపి రిటైరైన ముసలాయన ఒకడు మోకాళ్ళమీద కూర్చుని వెతికాడు. పోయిన భార్య స్కార్ఫు కుట్టాడు ఆయన. "ఆమెకు ఇష్టమని ఎర్రదారంతో కుట్టాను. తెల్లదారం ఉందేమిటి?" అన్నాడు. ఆయన కత్తెర తీసుకుని చుట్టూ ఉన్న గుడ్డతో సహా తన స్కార్ఫును కత్తిరించి తీసుకున్నాడు.

"ముట్టుకోకండి! అది ఆర్టు!" కళాకారిణి పరుగెత్తుకొచ్చింది.

"ముట్టుకోమని మీరే కదమ్మా పిలిచారు?"

తర్వాత ఒకరి వెనక ఒకరు కత్తెరలు అందుకున్నారు. మధ్యాహ్నానికి ఆ గుడ్డ జల్లెడైంది. సాంకేతిక కారణాలని కాగితం అంటించి ప్రదర్శన మూసేశారు.

టైలరమ్మ అక్క జేబును కూడా కత్తిరించుకుని ఇంటికొచ్చి, జరిగిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. అక్క మెచ్చుకుంటుందనుకుంది.

"ఆ ముసలాయన కుట్లు విప్పింది ఎవరే?"

"నేనే."

"ఆయనకు చెప్పావా?"

"విప్పేశారని అందరికీ చెప్పాను కదక్కా."

"విప్పేశారని చెప్పావు. విప్పేశానని చెప్పావా?"

టైలరమ్మ చేతిలోని జేబును మడతపెట్టసాగింది.

"నా జేబు మీద గుర్తు లేకపోతే ఈ పొద్దున ఏం చేసేదానివి?"

"విప్పుతూ ఉండేదాన్ని."

అక్క జేబు లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు పలకరించలేదు.

మూడో రోజు టైలరమ్మ బస్సు డిపోలో అడిగి ఆ ముసలాయన ఇల్లు పట్టుకుంది. గుమ్మంలోనే నిలబడి చెప్పింది: "మీ ఎర్రదారం విప్పింది నేనండీ." ఆయన ఆమె చేతుల వంక చూశాడు. తర్వాత తలుపు వేసుకున్నాడు. లోపల గొళ్ళెం పడింది. టైలరమ్మ మళ్ళీ తట్టలేదు. ఆయన కోపం ఆయన హక్కు.