ఇక్కడేనండి, ఐదు నిమిషాలే

యాభై ఏడేళ్లు వచ్చేదాకా మణిశంకర్ ఎక్కిన ఎత్తులు రెండే రెండు. ఒకటి కోనసీమలో తన ఊరి కాలవ గట్టు. రెండోది రాజమండ్రిలో తానుంటున్న అపార్ట్‌మెంటు మూడో అంతస్తు, అదీ లిఫ్టు చెడిపోయిన రోజుల్లో. అతని లెక్కలో కొండ అంటే దూరాన నీలంగా కనబడే వస్తువు. దాన్ని చూసి మెచ్చుకోవాలి గానీ మీద పడి ఎక్కడం మర్యాద కాదు. అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున్న కొత్త బూట్లు బిగించుకుని చిలకల మెట్ట కింద నిలబడ్డాడంటే దానికి కారణం ఒక స్కూటర్ తాళం.

ఆ తాళం పదకొండు నెలలుగా అతని భార్య ప్రసన్నకుమారి హ్యాండ్‌బ్యాగులో ఉంది. కిందటేడు అతనికి గుండెలో నొప్పి వస్తే మూడు రోజుల పాటు గ్యాసేనంటూ వాము నములుతూ తిరిగాడు. నాలుగో రోజు ఆసుపత్రిలో స్టెంటు వేశారు. ఆరు నెలలు గడిచాక నడవచ్చు, మెట్లెక్కచ్చు, బండి నడపచ్చు అని డాక్టరుగారే చెప్పారు. ప్రసన్నకుమారి మాత్రం ఒప్పుకోలేదు. ఆఫీసుకి ఆటోలో పంపేది, కూరల బజారుకి వెంట వచ్చేది, క్షవరానికి వెళ్తే సెలూను బయట కాపలా కాసేది. సెలూను వీరబ్రహ్మం "అమ్మగారికి కుర్చీ వెయ్యమంటారాండీ" అని అడిగిన రోజున మణిశంకర్ ఎదురుగా ఉన్న అద్దంలోకి చూడటానికి సిగ్గుపడి క్షవరం అయ్యేదాకా కళ్లు మూసుకున్నాడు.

చిలకల మెట్ట సంగతి ఆఫీసులో ఎవరో చెప్పారు. సీతానగరం దాటాక గోదావరి ఒడ్డునే ఉందట, పెద్ద ఎత్తేమీ కాదట, పైన రెయిలింగు పెట్టి వ్యూ పాయింటు కట్టారట. అక్కడ నిలబడితే ఇటు తూర్పు, అటు పశ్చిమ, మధ్యలో గోదావరి మొత్తం కనబడుతుందట. అది ఎక్కి చూపిస్తే తాళం ఇస్తావా అని భార్యని అడిగాడు. ఆవిడ రెండు రోజులు ఆలోచించి, డాక్టరుగారికి ఫోన్ చేసి, అప్పుడు సరేనంది.

"కానీ మీరు బాగానే ఉందంటే నేను నమ్మనండి. పైనుంచి ఫొటో పంపండి" అంది.

మోకాళ్ల నొప్పుల వల్ల ఆవిడ తను ఎక్కలేనని చెప్పి, మెట్ట కింద చిన్నమ్మాయి అనే ఆవిడ టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చుంది. మణిశంకర్ వెనక్కి చూడకుండా హుషారుగా బయల్దేరాడు. ఆ హుషారు మొదటి మలుపు దాకా వచ్చింది. మలుపు తిరిగి, ఇక ఆవిడకి కనపడనని నమ్మకం కుదిరాక, ఒక చెట్టుని పట్టుకుని నిలబడిపోయాడు.

పైనుంచి భుజాన తువ్వాలుతో ఒకాయన దిగి వస్తున్నాడు. ఇంకా ఎంత దూరం ఉందండి అని అడిగితే ఆయన ఎంతో ఆప్యాయంగా "ఎంతో లేదండీ, ఇక్కడేనండి, ఐదు నిమిషాలే" అన్నాడు. పావుగంట నడిచాక ఎదురైన ఇద్దరు ఆడవాళ్లు, వచ్చేశారండి, ఆ మలుపు తిరగడమే అన్నారు. ఆ మలుపు తిరిగితే దాని వెనక ఇంకో మలుపు ఉంది.

కోపం తెచ్చుకునే హక్కు తనకి లేదని మణిశంకర్‌కి తెలుసు. అలసి ఉన్న మనిషిని ఇంకా చాలా దూరం ఉందని నిరుత్సాహపరచడం గోదావరి వాళ్లకి చేతకాదు. తనూ ఆ బాపతే. పెళ్లికి దారి అడిగిన చుట్టాలని ఇక్కడేనండి అంటూ మూడు కిలోమీటర్లు నడిపించాడు. నీటిపారుదల ఆఫీసులో ముప్ఫై ఏళ్లుగా, పునాది తవ్వని పనుల గురించి అడిగిన రైతులకి కూడా "అయిపోవచ్చిందండి" అనే చెప్పి, టీ ఇచ్చి పంపాడు. ఇన్నేళ్లు అందరికీ వడ్డించిన వంటకం ఇవాళ తన విస్తట్లో పడింది. రుచి బాగోలేదు.

యాభై నిమిషాలకి ఒక పెద్ద బండ వచ్చింది. దాని మీద కూలబడ్డాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. భయం వేసింది. ఇక్కడ ఏదైనా అయితే ప్రసన్నకి మొహం ఎలా చూపించను అనుకున్నాడు. ఏదైనా అయితే అసలు ఆ ఇబ్బందే ఉండదన్న సంగతి కాసేపటికి గాని తట్టలేదు. చూస్తే పొదల సందులోంచి గోదావరి ఒక ముక్క కనబడింది. ఇసుక తిప్ప, ఒక పడవ, అవతల పశ్చిమ గట్టు. బండ అంచున నిలబడి, ఫోన్ ఎత్తి పట్టుకుని, పొదలు పడకుండా జాగ్రత్తగా ఫొటో తీశాడు. "చేరాను. అద్భుతంగా ఉంది" అని రాసి భార్యకి పంపేశాడు.

దిగేటప్పుడు కాళ్లకి రెక్కలొచ్చాయి. దారిలో చంకన పసిపిల్లతో ఎక్కుతున్న ఒకమ్మాయి ఇంకా ఎంత ఉందండి అని అడిగింది. "ఇక్కడేనమ్మా, ఐదు నిమిషాలే" అన్నాడు. తను ఎన్నడూ చూడని చోటు గురించి ఇంత ధీమాగా ఎలా చెప్పగలిగానా అని తనకే ముచ్చటేసింది.

కిందకొచ్చి చూస్తే బల్ల ఖాళీగా ఉంది. చిన్నమ్మాయి టీ గ్లాసు చేతికిస్తూ సంగతి చెప్పింది. ఫొటో చూడగానే అమ్మగారి కళ్లమ్మట నీళ్లొచ్చాయట. వెనక వైపు సగం దాకా బండ్లు వెళ్లే దారి ఉందని తెలిసి, అటు వెళ్తున్న ఆటో ఎక్కేశారట. ఆ పైన మెట్లేనట.

"గుండె జబ్బు మనిషి గంటలో ఎక్కేశారంటే ఎంతో ఉండదు కదా, ఆయన పక్కన నిలబడి చూస్తానని వెళ్లారండి" అంది చిన్నమ్మాయి.

ఆ మోకాళ్లతో ప్రసన్న మెట్లెక్కుతోందనుకునేసరికి మణిశంకర్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఫోన్ చేస్తే కలవలేదు. పావుగంటకి ఆవిడే చేసింది. ఊపిరి అందడం లేదు గాని గొంతులో సంతోషం తెలుస్తోంది.

"పైకొచ్చానండి. మీరెక్కడున్నారు?"

ఏదో ఒకటి చెప్పడానికి అతని నాలుక సిద్ధంగానే ఉంది. ఇక్కడే పక్కకొచ్చాననో, నీళ్ల కోసం దిగాననో. అవేవీ అనకుండా, అక్కడే కూర్చో, వస్తున్నానని పెట్టేశాడు. ఆటో ఇంకా తిరిగి రాలేదు. బూట్ల తాళ్లు మళ్లీ బిగించుకుని, వచ్చిన దారినే పైకి బయల్దేరాడు. ఈసారి హుషారు మొదటి మలుపు దాకా కూడా రాలేదు. కూర్చుంటూ, లేస్తూ, మంచినీళ్లు తాగుతూ గంటంబావుకి పెద్ద బండ చేరాడు.

బండ మీద ఇందాకటి అమ్మాయి పసిపిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. అతన్ని ఎగాదిగా చూసింది.

"మీరు దిగిపోయారు కదండీ బాబాయిగారూ?"

"అవునమ్మా."

"ఐదు నిమిషాలన్నారు. గంటన్నర దాటిందండి. ఇంతకీ పైకి ఎంత ఉంటుందండి?"

"తెలీదమ్మా. నేనెప్పుడూ పైకి వెళ్లలేదు" అన్నాడు మణిశంకర్.

ఆ అమ్మాయి అతని కొత్త బూట్ల వంక చూసింది. ఆ చూపు ముందు ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదనిపించి, అక్కడే నిలబడి ఫోన్ తీశాడు.

"ప్రసన్నా, ఆ ఫొటో సగం దారిలో ఒక బండ దగ్గర తీసింది. భయమేసి దిగిపోయాను. మళ్లీ ఎక్కుతున్నాను."

అవతల గాలి హోరులోంచి ఆవిడ గొంతు వినపడింది.

"ఇక్కడ కూర్చుని చూస్తే తెలిసిందండి. మీ ఫొటోలో గోదారి ఒక ముక్కే ఉంది. ఇక్కణ్నుంచి మొత్తం కనపడుతోంది" అంది ఆవిడ. "ఆ బండ ఇక్కడికి కనపడుతోంది. ఇంకా సగం దారి ఉందండి. అసలు ఎత్తంతా అక్కణ్నుంచే. ఓపిక లేకపోతే దిగిపోండి, నేనే వస్తాను. ఉంటే కూర్చుని కూర్చుని రండి. నేనెక్కడికీ పోను."

ఎంత దూరమో ఆ పొద్దున్నుంచి అతనికి నిజం చెప్పిన మొదటి మనిషి ఆవిడే. ఇంకా సగం ఉందన్న మాట వింటే విచిత్రంగా ప్రాణం కుదుటపడింది. ఎంత ఊపిరి ఎక్కడ ఖర్చు పెట్టాలో ఇప్పుడు తెలిసింది. పసిపిల్ల తల్లితో కూడా అదే చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వి, ఆ మాట ముందే చెప్పుంటే నీళ్లు ఇంకో సీసా తెచ్చుకునేదాన్ని అంటూ లేచింది.

పైన ప్రసన్నకుమారి రెయిలింగు పక్క సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ వెనక గోదావరి నిండుగా, తీరిగ్గా సాగిపోతోంది. మణిశంకర్ దాన్ని చూడలేదు. పక్కన కూలబడ్డాడు.

"ఎలా ఉందండి?" అని అడిగింది.

బాగానే ఉంది అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"బాగోలేదు. గుండె గట్టిగా కొట్టుకుంటోంది. నొప్పి మాత్రం లేదు. కాళ్లు వణుకుతున్నాయి."

ఆవిడ అతని మణికట్టు పట్టుకుని వాచీ చూస్తూ నాడి లెక్కపెట్టింది. ఇన్ని నెలల్లోనూ అలా పట్టుకున్నప్పుడల్లా విసుక్కుని చెయ్యి లాక్కునేవాడు. ఇవాళ ఉంచేశాడు. నాడి కాస్త నెమ్మదించాక ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి, తాళం తీసి, ఆ చేతిలోనే పెట్టింది.

"కొండెక్కారని కాదండి. బాగోలేదని మొదటిసారి చెప్పారు. ఇలాగే చెప్తానంటే ఎక్కడికైనా వెళ్లండి."

మణిశంకర్‌కి కళ్లు చెమర్చాయి. అది దాచుకోవడానికి, నీ మోకాళ్లెలా ఉన్నాయని అడిగాడు.

"ఏం లేదండి, బాగానే ఉన్నాయి" అంటూ లేవబోయి, ఆవిడ రెయిలింగు పట్టుకుంది.

అతను తాళం ఉన్న అరచెయ్యి తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. ప్రసన్నకుమారి తాళం వంక, అతని వంక చూసి, మెల్లిగా మళ్లీ కూర్చుంది.

"చాలా నొప్పిగా ఉన్నాయండి" అంది.